పొద్దుటి నెట్‌లో సంబంధం లేని ప్రశ్న

ఒకప్పుడు పొద్దున్న ఏడు గంటలకి నేను గొంతు సవరించుకుంటే దక్షిణ దేశం మొత్తం నోరు మూసుకునేది. విశాఖపట్నం వన్ టౌన్‌లో ఒక డాబా మీద వెదురు గడలకి కట్టిన రాగితీగ, దాని కింద గదిలో నా చేతులతో నేను కట్టిన ట్రాన్స్‌మిటరు. అరవై స్టేషన్లు. అరవై మంది మనుషులు ఒకరి మాట మీద ఒకరు పడకుండా, నేను పిలిచిన వరసలో పలికి, ఆగమంటే ఆగేవాళ్ళు. నా కుడిపాదం మీద అరచేతి మేర మచ్చ ఒకటుంది. ఆ ట్రాన్స్‌మిటరులోని వెయ్యి వోల్టులు నాలోంచి నేలలోకి దిగిన చోటు అది. ఎవరైనా అడిగితే లుంగీ కొంచెం పైకి లాగి చూపిస్తుంటాను. అడగకపోయినా చూపిస్తుంటాను.

హామ్ రేడియో సంగతి తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. ప్రభుత్వం పరీక్ష పెట్టి, లైసెన్సిచ్చి, ఒక కాల్‌సైన్, అంటే గాలిలో మనల్ని పిలిచే పేరు, కేటాయిస్తే, ఇంట్లో మనం కట్టుకున్న సెట్టు మీద అలాంటి లైసెన్సు ఉన్న ఇతరులతో మాట్లాడుకోవచ్చు. టెలిఫోను లాంటిది కాదు. ఒకరు మాట్లాడితే ఆ బ్యాండు మీద ఉన్న వాళ్ళందరూ వింటారు. ఇంకొక సంగతి. మాట్లాడాలని మైకు మీది స్విచ్చి నొక్కగానే మన రిసీవరు మూగబోతుంది. స్విచ్చి వదిలితేనే మళ్ళీ అవతలివాడి మాట వినబడేది. అంటే మాట్లాడుతున్నంతసేపూ మనిషి చెవిటివాడు. ఇది రేడియో గుణమే కానక్కర్లేదు గానీ, రేడియోలో మరీ కచ్చితంగా ఉంటుంది.

మేం రోజూ ఏడింటికి కలుసుకునే దాన్ని నెట్ అనేవాళ్ళం. సెట్లు కట్టుకునే వాళ్ళకి సందేహాలుంటే అందులో అడగాలి, తెలిసిన వాళ్ళు చెప్పాలి. ఎవరి వంతు ఎప్పుడో చూసే మనిషి ఒకడుండాలి. ఆ మనిషిని నేను.

మాది గోదావరి వైపు. పోర్టు ఎలక్ట్రికల్ వర్క్‌షాపులో ఉద్యోగం దొరికి, డెబ్బైల మొదట్లో ఇక్కడికొచ్చాను. క్రేన్ల మోటార్లు కాలిపోతే మళ్ళీ తీగ చుట్టడం నా పని. వచ్చినప్పుడు ఆలుమగలిద్దరం వచ్చాం. నాలుగో ఏడు ఆమె పోయింది. జ్వరమన్నారు, తరవాత జ్వరం కాదన్నారు. ఆ సంగతి ఇంతటితో వదిలేస్తాను. ఒక్కటి మాత్రం చెప్తాను. పోర్టు నుంచి ఇనప ఖనిజం ధూళి ఎగిరొచ్చి డాబా మీద ఆరేసిన బట్టల మీద పడేది. ఆమె ఉన్నప్పుడు ప్రతి బట్టా రెండుసార్లు దులిపి మడత పెట్టేది. ఆ తరవాత నా చొక్కాలన్నీ లేత ఎరుపు రంగులోకి దిగాయి. వర్క్‌షాపులో అందరూ అది నా ఇష్టమైన రంగనుకున్నారు, నేనూ కాదనలేదు.

డ్యూటీ నుంచి వస్తే గదిలో మాట్లాడే దిక్కు లేదు. అప్పుడే ఈ హామ్ రేడియో సంగతి తెలిసింది. పరీక్ష రాశాను. లైసెన్సు రావడానికి ఏడాది పైన పట్టింది, ఎందుకంటే పోలీసు విచారణ ఉంటుంది. ఇటు పోర్టు, అటు నేవీ ఉన్న ఊళ్ళో డాబా మీద తీగ కట్టుకుంటానంటే ఎవరైనా అనుమానిస్తారు కదా. ఒక కానిస్టేబులు వచ్చి మెట్ల దగ్గర నిలబడి, కింది వాటాలో ఉండే మా ఇంటి యజమానిని అడిగాడు. ఆయన గడియారాలు బాగుచేసే సాయిబు గారు, కంటికి భూతద్దం తగిలించుకునే ఉంటారు.

"ఈ పైనున్నాయన ఎలాటోడు సాయిబూ? తీగలూ గీగలూ ఏటి? గూఢచారి గాని కాదు గదా?"

సాయిబు గారు భూతద్దం తియ్యకుండానే, "గూఢచారా? ఉల్లిపాయ తరిగితే వేలు కోసుకునేవాడు సాబ్ ఆయన. ఆయన పొయ్యి ముట్టిస్తే మేం కిటికీలు మూసుకుంటాం. ఆయన్ని ఏ దేశం వాళ్ళూ పెట్టుకోరు, రాసుకోండి," అన్నారు.

ఆ మాటతోనే నాకు లైసెన్సు వచ్చిందని నా నమ్మకం. కాకపోతే వంట విషయంలో సాయిబు గారు కోతలు కోశారు. వంట నాకు చిన్నప్పట్నుంచీ చేతిలో ఉన్న విద్య. అతిశయోక్తి నాకు గిట్టదు కనక ఈ ముక్క రాయాల్సి వచ్చింది.

అన్నట్టు, అరవై స్టేషన్లని రాశాను. ఎవరు ఎప్పుడు పలికారో పుస్తకంలో రాసుకోవాలని లైసెన్సు షరతు. ఆ పుస్తకాలు నా ట్రంకుపెట్టెలో ఇంకా ఉన్నాయి. నిన్న తీసి చూశాను. ఎక్కువలో ఎక్కువ పలికింది పదకొండు. అదీ ఒక్క రోజు. మామూలు రోజుల్లో నలుగురం, అయిదుగురం. వానాకాలంలో ఉరుముల గరగరలో ఇద్దరం. దక్షిణ దేశమంటే శ్రీకాకుళం నుంచి రాజమండ్రి దాకా అనుకోండి, ఆకాశం అనుకూలిస్తే. నన్ను నెట్‌కి పెద్దగా ఎన్నుకున్నారని చాలా చోట్ల చెప్పాను, అది కూడా నిజం కాదు. ఎన్నిక జరగలేదు. ఏడింటికి ఒక్క రోజూ తప్పకుండా సెట్టు ముందు కూచోగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతా వాళ్ళకి పిల్లల్ని బడికి పంపడాలూ, పాలవాడూ, పంపు దగ్గర నీళ్ళూ ఉండేవి. నాకు అలారం గడియారం ఉండేది.

పెద్దరికం వచ్చాక నియమాలు రాయకుండా ఉంటానా. పదకొండు నియమాలు ఊదా సిరాతో రాసి సెట్టు పైన గోడకి అంటించాను. ప్రతి సోమవారం గాలిలో చదివి వినిపించేవాణ్ణి. అందులో నాలుగోది: రేడియోకి సంబంధం లేని ప్రశ్నలు నెట్‌లో అడగరాదు.

మరీ నన్ను తప్పుపట్టకండి. అందులో న్యాయం ఉంది. సీతమ్మధారలో క్లినిక్ పెట్టుకున్న డాక్టరు గారు మాలో ఒకరు. పాపం ఆయన గొంతు వినబడితే చాలు, పిల్లవాడి దగ్గుకి ఏం వాడాలని ఎవరో ఒకరు అడిగేవారు. స్టీలు ప్లాంటు కట్టే సైటులో పనిచేసే ఇంజినీరు గారు ఇంకొకరు. ఆయన సెట్టులో తేనెటీగ తిరిగినట్టు రొద వచ్చేది. సైటు బస్సు ఏడున్నరకి. ఆలోగా ఆయన సందేహం తీరాలి. ఈలోపు ఎవరో వంకాయల సంగతి ఎత్తుకుంటే ఆయన ఆ రోజంతా రొదతోనే బతకాలి. ఒక్కొక్కరి ఓపిక ఒక్కొక్క రకం. డాక్టరు గారు ఏదడిగినా విసుక్కోకుండా చెప్పేవారు. ఇంజినీరు గారు విసుగుని లోపలే మింగేవారు. నేను నాలుగో నియమం చదివేవాణ్ణి.

ఆ వంకాయల మనిషే తగరపువలస బావ. వరసకి బావ కాడు. భీమిలి వెళ్ళే దారిలో, తగరపువలస సెంటర్లో, రేడియోలు బాగుచేసే కొట్టు ఆయనది. ఎవర్నయినా బావా అనే పిలుస్తాడు, డాక్టరు గారితో సహా. చేతిలో పనితనం మా అందరి కంటే ఎక్కువ. సైనికులు అమ్మేసిన తుక్కు సామాన్లలోంచి సెట్టు కట్టిన మనిషి. అడిగితే ఇంజినీరు గారి రొద సంగతి రెండు మాటల్లో తేల్చేసేవాడు. కానీ తన వంతు వస్తే మాత్రం సెట్టు గురించి అడగడు.

"బావా, అటేపు వాన పడతందా? ఇక్కడ మబ్బేసింది గాని రాలట్నేదు."

"ఇది సాంకేతిక నెట్. తదుపరి స్టేషన్."

"అది గాదు బావా, సంతకి ఉల్లిపాయలు తెచ్చీసి అరుగు మీద పరిసినారు మావోళ్ళు. మీ కాడ వానుంటే గంటలో మాకొత్తాది గదా, అందుకని."

నిజం చెప్పాలంటే వాన పడుతోంది. నా కిటికీలోంచి డాల్ఫిన్స్ నోస్ కొండ కనపడనంత వాన. చెప్తే ఒక్క ముక్క. చెప్పలేదు. నాలుగో నియమం చదివాను. డాక్టరు గారు మధ్యలో దూరి, "సీతమ్మధారలో జోరుగా ఉంది, సర్దుకోండి," అన్నారు. ఉల్లిపాయలు దక్కాయట. మర్నాడు గాలిలో అందరి ముందూ డాక్టరు గారికి కృతజ్ఞతలు చెప్పాడు బావ. "మన నెట్టు పెద్దాయనికి కూడా," అన్నాడు, "ఆయన రూలు సదివినంతసేపట్లో మేం ఎత్తీసినాం."

అందరూ నవ్వి ఉంటారు. స్విచ్చి నొక్కకుండా నవ్వితే ఎవరికీ వినపడదు. రేడియోలో నవ్వుని ఊహించుకోవడమే.

ఇంకొక దొంగతనం కూడా ఒప్పుకోవాలి. సంబంధం లేని ప్రశ్న కూడదని ప్రభుత్వం వారే లైసెన్సు పుస్తకంలో రాశారని గాలిలో గంభీరంగా చెప్పేవాణ్ణి. పుస్తకంలో ఉన్నది అది కాదు. సాంకేతిక విషయాలు మాట్లాడుకోవచ్చు, టెలిగ్రాం ఇచ్చేంత ముఖ్యం కాని సొంత ముచ్చట్లు కూడా మాట్లాడుకోవచ్చు అని ఉంది. నేను మొదటి సగం చదివి, రెండో సగం దగ్గర దగ్గు తెచ్చుకునేవాణ్ణి. ఆ పుస్తకం అందరింట్లోనూ ఉంటుందన్న ధ్యాస ఎందుకు లేకపోయిందో తెలీదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఎనభైల్లో ఒక వానాకాలం. మూడు రోజులు నేను నెట్‌కి వెళ్ళలేదు. పోర్టులో క్రేను పని ఒకటి మీద పడింది, నేను లేకపోతే ఓడ కదలదన్నారు. నాలుగో రోజు సెట్టు ముందు కూచున్నాను. వరసగా పిలిచాను. డాక్టరు గారు పలికారు. ఇంజినీరు గారు పలికి తన రొద మళ్ళీ మొదలైందన్నారు. కొత్తగా ఇద్దరు పలికారు, ఆ రోజే మొదటిసారి. కొత్తవాళ్ళ ముందు నెట్ క్రమశిక్షణగా కనపడాలి కదా. తగరపువలసని పిలిచాను. బావ అందుకున్నాడు.

"బావా, ఇంటిది పుట్టింటికెల్లింది. ఒక్కడికి అన్నం వొండాలంటే గ్లాసు బియ్యానికి నీలెన్ని పొయ్యాల?"

అంతే. నాకు ఒళ్ళు మండింది. స్విచ్చి నొక్కాను. పెద్దవాణ్ణి కనక మెత్తగానే చెప్పాను అని చాలామందికి చెప్పాను. మెత్తగా చెప్పలేదు. నెట్ అంటే నూతి గట్టు కాదన్నాను. కొంతమందికి సొంత గోల తప్ప పరుల సమయం మీద గౌరవం ఉండదన్నాను. చదువుకున్న వాళ్ళతో కలిసి కూచునే అవకాశం వచ్చినప్పుడు దాన్ని నిలబెట్టుకోవాలన్నాను. ఆ చివరి మాట అనాల్సింది కాదు. సాయిబు గారు బాగుచేసిచ్చిన అలారం గడియారం ఎదురుగానే ఉంది. ఏడు నిమిషాలు మాట్లాడాను. మా వాళ్ళ భాషలో డెబ్బైమూడు అంటే శుభాకాంక్షలు. అంతా అనేసి, అలవాటు కొద్దీ, డెబ్బైమూడు అని ముగించి స్విచ్చి వదిలాను.

గరగర తప్ప ఏమీ లేదు. కాసేపటికి డాక్టరు గారు, "నేను క్లినిక్‌కి వెళ్ళాలి," అన్నారు. అప్పటికి ఏడూ ఇరవై. ఆయన క్లినిక్ తెరిచేది తొమ్మిదింటికి.

మర్నాడు తగరపువలస పలకలేదు. ఆ మర్నాడూ లేదు. నా పద్ధతి ఏమిటంటే, పిలిచాక పది లెక్కపెట్టి, జవాబు లేకపోతే పుస్తకంలో గీత కొట్టి, తరవాతి పేరుకి వెళ్ళాలి. మూడో రోజు బావ దగ్గర ఇరవై దాకా లెక్కపెట్టాను. వారం తిరిగేసరికి నలభై. ఎవరూ అడగలేదు, ఎందుకింతసేపు ఆగుతున్నావని. అది కూడా సంబంధం లేని ప్రశ్నే అవుతుంది కదా.

ఆ రోజుల్లో నెట్ చాలా సవ్యంగా జరిగింది. వానల ఊసు లేదు, సంతల ఊసు లేదు. ఇంజినీరు గారి రొద గురించి నేను చెప్పిన మందేదీ పనిచెయ్యలేదు. ఆయన వారానికి రెండు రోజులు రావడం మానేశారు. డాక్టరు గారు "అంతా కుశలం, సందేహాలు లేవు" అని పలికి వెళ్ళిపోయేవారు. ఒక రోజు ఏడింటికి వరసగా అందరినీ పిలిచాను. ఒక్కరూ లేరు. అయినా ప్రతి పేరుకీ పది లెక్కపెట్టాను, ప్రతి పేరుకీ గీత కొట్టాను. సోమవారం కనక నియమాలు కూడా చదివాను, పదకొండూ. చదవడం అయ్యాక స్విచ్చి వదిలి కూచున్నాను. గరగరలో దూరంగా ఏదో దేశం పాట సన్నగా వచ్చి పోతోంది. కింద సాయిబు గారింట్లో ఎవరో గిన్నెలు తోముతున్నారు. ఆ గిన్నెల చప్పుడు ఆగేదాకా వింటూ కూచున్నాను. ఆ రోజు డ్యూటీకి ఆలస్యమైంది.

సాయంత్రం మెట్ల దగ్గర సాయిబు గారు ఆపారు. "ఏం భాయ్, ఈ మధ్య మీ రేడియోలో ఆ బావ గారు లేరా? మా ఇంట్లో ఆడవాళ్ళు అడుగుతున్నారు."

నేను మాట్లాడేది పై గదిలో, రిసీవరు గట్టిగా పెట్టి వినేది కూడా అక్కడే. కింద అందరూ వింటున్నారని నాకు అంతవరకూ తెలీదు. "వస్తాడు లెండి," అన్నాను.

"ఎలా వస్తాడు? మీరు తిట్టింది కూడా విన్నాం," అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

తరవాతి ఆదివారం తగరపువలస బస్సెక్కాను. చేతిలో ఒక వాల్వు, అంటే సెట్టు లోపల వెలిగే గాజు బుడ్డి, బహుమతిగా. దారి పొడుగునా ఏం మాట్లాడాలో వరస పెట్టుకున్నాను. క్షమాపణ అనే మాట రాకుండా క్షమాపణ చెప్పే పద్ధతి ఒకటి తయారుచేశాను. సెంటర్లో దిగి అడిగితే ఎవరైనా కొట్టు చూపించేట్టే ఉన్నారు.

బావ బల్ల ముందు కూచుని ఒక రేడియో వెనక తలుపు విప్పుతున్నాడు. ముఖం అదే మొదటిసారి చూడటం. గొంతుని బట్టి లావుపాటి మనిషనుకున్నాను. పుల్లలా ఉన్నాడు. నేను నోరు విప్పి "నమస్కారం" అన్నానో లేదో తల ఎత్తకుండానే పట్టేశాడు.

"ఓరి బావ. రూలు బుక్కు కూడా తెచ్చినావేటి?"

"ఇటు పనుండి వచ్చాను," అన్నాను.

"ఆదివారం నాడు పోర్టోళ్ళకి తగరపువలసలో ఏటి పని? సెప్పులు కొంటావా? కూకో."

కూచున్నాను. వాల్వు బల్ల మీద పెట్టాను. తీసి వెలుతురుకి ఎత్తి చూశాడు. "ఇది మంచిదే," అని పక్కన పెట్టాడు. నేను తయారుచేసుకొచ్చినదంతా మొదలుపెట్టాను. నెట్ సజావుగా జరగాలంటే కొన్ని కట్టుబాట్లు ఉండాలనీ, అవి వ్యక్తుల మీద కోపంతో కాదనీ, కొత్తవాళ్ళు ఉన్నారనీ. బావ స్క్రూలు విప్పుతూనే ఉన్నాడు. కొంతసేపయ్యాక ఆగాను.

"అయిపోనాదా?"

"అయింది."

"స్విచ్చి ఒగ్గీసినావు గదా. ఇప్పుడు ఇను. సదువుకున్నోల్లతో కూకునే అవకాశం అన్నావు. అది నాకు తగిలింది. మరి నాను రాను. నీ నెట్టు నువ్వే నడుపుకో. నీకు మాటాడాలని ఉంటే ఇలాగే బస్సెక్కి రా, ఎవరొద్దన్నారు."

వెళ్తానని లేచాను. లేచిన వాణ్ణి కొట్టు వెనక ఇంట్లోకి తీసుకెళ్ళాడు. ఆయన ఇల్లాలు పీట వేసి, అడక్కుండానే అన్నం పెట్టి, చేపల పులుసు పోసింది. ఇద్దరం తిన్నాం. నేను రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. మూడోసారి ఆమె అడక్కుండానే పెట్టింది. అలాంటి అన్నం తిని అప్పటికి చాలా కాలమైంది, అంటే చేపల పులుసు విషయం.

బస్సు దాకా వచ్చి దింపుతూ బావ అన్నాడు, "ఒక పని సెయ్యి. లైసెన్సు బుక్కులో ఆ రూలుంది గదా, నువ్వు దగ్గుతావు సూడు, ఆ రెండో సగం. రేపు సోమవారం. అది గాలిలో అందరికీ సదువు. అప్పుడు సూద్దాం."

బస్సు కదిలింది. ఆ రెండో సగం తెలిసి కూడా నా దగ్గు ఎన్ని సోమవారాలుగా విని ఊరుకున్నాడో అని లెక్కపెట్టుకుంటూ వచ్చాను.

సోమవారం చదివాను. టెలిగ్రాం ఇచ్చేంత ముఖ్యం కాని సొంత ముచ్చట్లు అని ఉన్న ముక్క, దగ్గు లేకుండా. స్విచ్చి వదిలాను. పది, ఇరవై. ముప్పై రెండు దగ్గర పలికాడు.

"తగరపువలస. ఇక్కడ ఎండకాసింది బావా. నీ కాడ?"

"ఇక్కడ కూడా," అన్నాను. అప్పుడు నిజంగా సన్నగా జల్లు పడుతోంది. సంతోషంలో అబద్ధం వచ్చేసింది. డాక్టరు గారు వెంటనే సరిచేశారు.

ఆ రోజు నుంచి గోడ మీద నియమాలు పదే. నాలుగో దాని మీద కాగితం ముక్క అంటించాను. నెట్ ఇంకొన్నేళ్ళు నడిచింది. ఇంజినీరు గారి రొద సంగతి బావ తేల్చేశాడు, వైరు ఒకటి వదులైందట. తరవాత డాక్టరు గారు పోయారు, స్టీలు ప్లాంటు లేచింది, ఇంజినీరు గారికి బదిలీ అయింది. ఏడింటికి ఇద్దరమే మిగిలాం. ఇద్దరమే ఉన్నప్పుడు నెట్ అనకూడదు, కానీ పుస్తకంలో అలాగే రాశాను.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. ఫోనులో పాత రేడియోలు బాగుచేసుకునే వాళ్ళ గ్రూపు ఒకటి ఉంది. నన్నూ చేర్చారు. మొన్న ఒకాయన రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, మీకెవరికైనా ఇలా ఉందా అని అడిగాడు. నిమిషంలో ఆ మాట తీసేసి కింద 'సంబంధం లేని ప్రశ్న' అని రాశారు. ఆ గ్రూపు నడిపేవాడికి నా కథ చెప్పాలనిపించింది. తెలియక అడిగేవాణ్ణి ఎలా క్షమించాలో, నోరు జారితే పెద్దవాడు ఎలా దిగిరావాలో, నన్ను చూసి నేర్చుకుంటాడని.

రాసింది పంపే ముందు తగరపువలస వెళ్ళాను. బావ కొట్టు ఇప్పుడు లేదు, ఇల్లుంది. ఆయనకి కళ్ళు సరిగ్గా ఆనవు కనక నేనే చదివి వినిపించాను. ఉల్లిపాయల దగ్గర నవ్వాడు. దగ్గు దగ్గర నవ్వాడు. తరవాత నవ్వలేదు. మొత్తం అయ్యేదాకా ఆగి, గోడవైపు చూస్తూ అన్నాడు.

"ఆ కాలి మీద మచ్చ వోల్టులదని రాసీసినావేటి? గంజిది గదా. ఆ మూడ్రోజులు నువ్వు క్రేను పన్లో నేవు. అన్నం వార్చుకోబోయి గంజి కాలి మీద ఒంపుకొని మంచం మీదున్నావు. మా ఇంటిదాని కాడ నువ్వే ఏడుసుకుంటా సెప్పినావు, ఆ ఆదివారం నాడే. ఆవిడే నీకు వార్చడం నేర్పింది."

"అది రాయకపోతే ఏం," అన్నాను.

"రాయకపోతే మానీ. మా ఇంటిది పుట్టింటికెల్లడమేటి, నీలెన్నని నాను అడగడమేటి? ఆరేళ్ళప్పట్నుంచి అన్నం వొండతన్నోణ్ణి నాను. నాను అడిగింది అది కాదు బావా. మూడ్రోజులు నీ గొంతు ఇనపడనేదు. తిన్నావా, ఎవరైనా వొండి పెడతన్నారా, అని అడిగినాను. కొత్తోల్ల ముందర అడిగినానని నీకు నామోసీ అయ్యింది. నువ్వు స్విచ్చి నొక్కి ఏడు నిమిషాలు మాటాడినావు. ఒగ్గినాక మల్లీ అదే అడిగినాను. గరగర కాదు అది, నానే. నువ్వు ఇనపడనట్టు పుస్తకంలో గీత కొట్టుకున్నావు. దానికి ఈయాల్టి వరకూ జవాబు సెప్పనేదు నువ్వు."